నలుసు చేసిన పని, దాన్ని పట్టుకున్న పనితనం

క్యాన్సర్ ఎక్కువగా వయసు మీద పడ్డాకే ఎందుకొస్తుంది? మనకు అలవాటైన జవాబు ఒకటుంది. కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్ఏ నకలు తీయడంలో చిన్నచిన్న తప్పులు దొర్లుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి పోగుపడతాయి. చివరికి ఏదో ఒక కీలకమైన జన్యువు దెబ్బతిని కణం అదుపు తప్పుతుంది. ఈ జవాబులో అబద్ధమేమీ లేదు, కానీ ఇది మొత్తం కథ కూడా కాదు.

2015లో ఇంగ్లండులోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు సాగిపోయిన పైరెప్పల్ని సరిచేసే శస్త్రచికిత్సలో తీసేసిన చర్మాన్ని తీసుకుని, చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో డీఎన్ఏని చదివారు. నలుగురు మనుషుల నుంచి 234 ముక్కలు. చూస్తే మామూలు రెప్పలే, జబ్బు ఆనవాలే లేదు. అయినా దాదాపు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా కణాల్లో, క్యాన్సర్లలో కనిపించే జన్యుమార్పులే ఉన్నాయి. మూడేళ్ల తర్వాత వాళ్లే అన్నవాహిక లోపలి పొరను చూస్తే అక్కడా అదే తంతు. నడివయసు దాటిన వాళ్లలో మార్పు చెందిన కణాలే పెద్ద భాగాన్ని ఆక్రమించి ఉన్నాయి. అంటే మనలో చాలామంది ఒంట్లో తప్పు రాతలున్న కణాల్ని పెట్టుకుని ఏళ్ల తరబడి సుఖంగా బతికేస్తున్నాం. మరి వాటిలో ఒక్క కణమే, ఒక్క మనిషిలోనే, ఒకానొక ఏడాదిలోనే ఎందుకు కదులుతుంది?

ఈ ప్రశ్న మీద జరిగిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ ముచ్చట కలిగించింది 2023 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చార్లెస్ స్వాంటన్ బృందం చేసిన పని అది. విలియం హిల్, ఎమిలియా లిమ్, క్లేర్ వీడెన్ ముందువరుస రచయితలు. గాలిలోని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఎలా దారితీస్తుందో చెప్పే పత్రం. ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ విభాగం 2013లోనే తేల్చింది కాబట్టి, ఆ సంగతిలో కొత్త లేదు. కొత్తదనమంతా ‘ఎలా’ అన్నదానిలో ఉంది. అది తేల్చడానికి వాళ్లు ఒక్కో అడుగు ఎలా వేశారో, సందేహానికి తావున్న ప్రతి చోటా ఆగి దాన్ని ఎలా తీర్చుకున్నారో చూస్తే, చేయి తిరిగిన పనివాళ్ల పని చూసినంత తృప్తి కలుగుతుంది.

వాళ్లు ఎత్తుకున్న ఆలోచన కూడా పాతదే. 1940లలో ఐజాక్ బెరెన్‌బ్లమ్ అనే శాస్త్రవేత్త ఎలుకల చర్మం మీద ఒక పరీక్ష చేశాడు. క్యాన్సర్ కారక రసాయనాన్ని ఒక్కసారి, చాలా తక్కువగా పూస్తే ఏమీ కాలేదు. ఆ తర్వాత అదే చోట క్రోటన్ నూనెను పదేపదే పూస్తే కణితులు లేచాయి. ఆ నూనె మనకు తెలియనిదేమీ కాదు. ఆయుర్వేదంలో జయపాలమని విరేచనాలకు వాడే నేపాళ విత్తుల నుంచి తీసేదే. ఒంటికి తగిలితే చర్మం ఎర్రబడి పొక్కుతుంది. వరస తిప్పి నూనె ముందు, రసాయనం తర్వాత పూస్తే కణితులు రాలేదు. రసాయనం పూశాక నెలల తరబడి ఆగి నూనె పూసినా మాత్రం వచ్చాయి. అంటే మొదటి దెబ్బ చెరగని గుర్తుగా ఉండిపోతోంది. దాన్ని లేపేది మాత్రం రెండోది, చర్మాన్ని మండించేది. కణంలో మార్పు నివురుగప్పిన నిప్పులా పడి ఉంటుందన్నమాట. అసలు ప్రశ్న ఊదేదెవరన్నదే.

స్వాంటన్ బృందం ఈ పాత లెక్కను మనిషి ఊపిరితిత్తికి పెట్టి చూసింది. మొదట వాళ్ల ఎంపికను మెచ్చుకోవాలి. సిగరెట్ పొగ డీఎన్ఏని నేరుగా వేలాది చోట్ల గాయపరుస్తుంది. ఆ గాయాల గందరగోళంలో ధూళి పాత్రను విడదీసి చూడడం కష్టం. అందుకని వాళ్లు ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పుతో వచ్చే రకాన్ని ఎంచుకున్నారు. ఇది పొగ తాగని వాళ్లలో, అప్పుడప్పుడూ తాగే వాళ్లలో ఎక్కువ. మన దేశంలోనూ ఈ రకం తక్కువేమీ కాదు. ఎన్నడూ సిగరెట్ ముట్టని ఆడవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలితే ఇంటిల్లిపాదీ నిర్ఘాంతపోతారు. ‘ఈమెకి ఇదెలా వచ్చింది’ అన్న ఆ ప్రశ్నకి జవాబు వెతికే పని ఇది. అందుకే ఇది నాకు దూరదేశపు వార్తలా అనిపించలేదు.

నాలుగు దేశాల సమాచారంలో మొత్తం 32,957 ఈజీఎఫ్ఆర్ క్యాన్సర్లను ఆయా ప్రాంతాల్లోని పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి లెక్కలతో పోల్చి చూశారు. ధూళి ఎక్కువున్న చోట ఈ క్యాన్సర్లూ ఎక్కువే. ఇంతవరకూ చాలామంది చేయగలిగిన పనే. నాకు నచ్చింది కెనడా రోగుల సమాచారంలో వాళ్లు అడిగిన మరో చిన్న ప్రశ్న. జబ్బుకు ముందు ఎంతకాలం ధూళి పీలిస్తే ఈ సంబంధం కనిపిస్తుంది? మూడేళ్ల లెక్క తీసినప్పుడు అది స్పష్టంగా కనిపించింది. డీఎన్ఏలో తప్పులు పోగుపడి, అందులోంచి క్యాన్సర్ పుట్టుకొచ్చేందుకు మూడేళ్లు చాలా తక్కువ కాలం. ముందే ఉన్నదాన్ని లేపడానికైతే చాలు. ఈ మూడేళ్ల లెక్క దగ్గరే బెరెన్‌బ్లమ్ నూనె గుర్తుకొస్తుంది.

అయితే లెక్కల్లో కనిపించే సంబంధం ఎన్నడూ రుజువు కాదు. ధూళి ఎక్కువున్న ఊళ్లో మరెన్నో తేడాలుంటాయి. అక్కడినుంచి వాళ్లు ప్రయోగశాలకు వెళ్లారు. ఈజీఎఫ్ఆర్ మార్పును కావాలనుకున్నప్పుడు ఊపిరితిత్తి కణాల్లో మొదలుపెట్టగలిగే ఎలుకల్ని తీసుకున్నారు. కొన్నిటికి ధూళి కలిపిన ద్రవాన్ని శ్వాసనాళంలోకి చుక్కలుగా వేశారు. వారానికి మూడుసార్లు, మూడు వారాలు. మిగతా వాటికి ధూళి లేని ద్రవం. కొన్ని వారాల తర్వాత ధూళి పీల్చిన ఎలుకల్లో కణితులు ఎక్కువగా ఉన్నాయి. ధూళి పాలు పెంచితే కణితులూ పెరిగాయి.

ఇక్కడ ఒక మామూలు పత్రమైతే ఆగిపోయేది. వీళ్లు వెంటనే తమ మీద తామే రెండు అనుమానాలు పెట్టుకున్నారు. ధూళి కూడా సిగరెట్ పొగలా డీఎన్ఏనే కొడుతోందేమో? కణితుల డీఎన్ఏని మొత్తం చదివి చూశారు. ధూళి పీల్చిన ఎలుకల కణితుల్లో అదనంగా జన్యుమార్పులేమీ లేవు. రెండో అనుమానం: ధూళి కణాన్ని నేరుగా రెచ్చగొడుతోందా, మధ్యలో ఇంకెవరైనా ఉన్నారా? రోగనిరోధక వ్యవస్థ దాదాపు లేకుండా పుట్టిన ఎలుకల్లో అదే పరీక్ష చేశారు. వాటిలో ధూళి కణితుల్ని పెంచలేకపోయింది. నలుసు అదే, జన్యుమార్పు అదే, ఊపిరితిత్తీ అదే. రక్షక కణాలు లేకపోయేసరికి నేరం జరగలేదు. మనల్ని కాపాడాల్సిన దళమే ఇందులో భాగస్వామి అని ఇంత సూటిగా చూపించిన పరీక్షలు అరుదు.

ఆ దళంలో ఎవరు? ఇక్కడ పని ఇంకా దగ్గరికి వస్తుంది. గాలి గదుల లోపలి గోడలో టైప్-2 కణాలని ఉంటాయి. గదులు కుంగిపోకుండా ఒక పదార్థాన్ని స్రవించడం వాటి రోజువారీ పని. గోడకి దెబ్బ తగిలితే తాము లేత దశకు తిరిగివెళ్లి, పెరిగి, గాయాన్ని పూడ్చడం వాటి రెండో పని. ఈజీఎఫ్ఆర్ మార్పున్న టైప్-2 కణాల్ని గిన్నెలో పెంచితే చిన్నచిన్న ఉండలుగా ఎదుగుతాయి. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. ధూళి పీల్చిన ఎలుకల నుంచి తీసిన కణాలైతే ఈ ఉండలు ఎక్కువగా కట్టాయి. ఆ తర్వాతి మలుపే నన్ను కట్టిపడేసింది. ఈసారి టైప్-2 కణాల్ని ధూళి ఎరుగని ఎలుకల నుంచి తీసుకున్నారు. మాక్రోఫేజ్‌లను మాత్రం ధూళి పీల్చిన ఎలుకల నుంచి తెచ్చి పక్కన పెట్టారు. మాక్రోఫేజ్ అంటే చెత్తను మింగి శుభ్రం చేసే రక్షక కణం. ధూళి ముఖం చూడని టైప్-2 కణాలు కూడా ఇప్పుడు ఎక్కువ ఉండలు కట్టాయి. అంటే వాటిని కదిలించడానికి ధూళి అక్కర్లేదు, ధూళిని చూసి కంగారుపడిన మాక్రోఫేజ్ ఉంటే చాలు.

ఆ కంగారు కణం నుంచి కణానికి ఒక అణువు రూపంలో చేరుతుంది. పేరు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా. వాపు ప్రక్రియను మొదలుపెట్టే సంకేతాల్లో ఇది ముఖ్యమైనది. మాక్రోఫేజ్‌లను పక్కనపెట్టి ఈ ఒక్క అణువునే గిన్నెలో కలిపారు. అప్పుడూ ఉండలు పెరిగాయి. చివరగా మళ్లీ ఎలుకల దగ్గరికి వెళ్లి, ధూళి వేస్తున్న రోజుల్లోనే ఈ అణువును పట్టి బంధించే యాంటీబాడీని ఇచ్చారు. కణితులు తగ్గాయి. కలిపితే పెరగాలి, తీసేస్తే తగ్గాలి. రెండువైపులా పరీక్ష నిలబడింది.

ఇంకొక్క లోటుంది. ఇదంతా ఎలుకలో మనం పెట్టిన జన్యుమార్పుతో జరిగింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరితిత్తిలో ఆ మార్పు నిజంగానే పడి ఉంటుందా? లేకపోతే ఈ కట్టడమంతా గాలిలో నిలబడినట్టే. 295 మంది నుంచి, సూక్ష్మదర్శినిలో మామూలుగానే కనిపించే ఊపిరితిత్తి ముక్కల్ని తీసుకుని, అత్యంత లోతుగా డీఎన్ఏ చదివారు. మార్పున్న కణాలు లక్షల్లో ఒకటో అరో ఉంటాయి కనుక మామూలు పద్ధతులకి దొరకవు. 18 శాతం నమూనాల్లో ఈజీఎఫ్ఆర్ మార్పులు, 53 శాతంలో కేరాస్ అనే మరో జన్యువు మార్పులు దొరికాయి. ఈ నమూనాల్లో కొన్ని, తాము చనిపోయాక శరీరాన్ని పరిశోధనకు వాడుకోమని బతికుండగానే ఒప్పుకున్న రోగులవి. ఆ మాట చదివినప్పుడు ఆ అంకెల వెనక ఉన్న మనుషులకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఒక పత్రంలో జనాభా లెక్కలు, ఎలుకలు, గిన్నెలోని కణాలు, మనిషి కణజాలం, ఇవన్నీ ఉండటం ఈ రోజుల్లో అరుదేమీ కాదు. పెద్ద బృందాలు అన్నీ చేస్తాయి. అయితే చాలా పత్రాల్లో ఆ భాగాలు పక్కపక్కన పడి ఉంటాయి. ఇక్కడ ప్రతి భాగమూ ముందు భాగం మిగిల్చిన అనుమానానికి జవాబుగా వచ్చింది. ఏది తీసేసినా మిగతాది కుంటుతుంది. అదీ నేను పనితనమనేది.

దీనికి ముందే, మరో ఖండంలో, క్యాన్సర్ కోసం కాకుండా గుండె కోసం చేసిన ఒక పరీక్ష ఈ అణువు వైపే వేలు చూపించింది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌కి చెందిన పాల్ రిడ్కర్ నడిపిన కాంటోస్ అది. ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంలో వాపు ప్రక్రియను చూపే సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని బంధించే కనాకినుమాబ్ అనే మందును మూడు వేర్వేరు మోతాదుల్లో, మూడు నెలలకోసారి ఇచ్చారు. కొందరికి మందులేని సూది. నాలుగేళ్లకు కాస్త తక్కువ గడిచాక, 2017లో ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బు ఓ మోస్తరుగా తగ్గింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్క చూస్తే మాత్రం అందరూ ఉలిక్కిపడ్డారు. 150 మిల్లీగ్రాముల వాళ్లలో 39 శాతం తక్కువ, 300 మిల్లీగ్రాముల వాళ్లలో 67 శాతం తక్కువ. ఆ పెద్ద మోతాదులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 77 శాతం తక్కువ. మోతాదు పెరిగేకొద్దీ ఫలితం పెరగడం యాదృచ్ఛికమనుకోవడానికి వీలివ్వని సాక్ష్యం. ఆ తర్వాత క్యాన్సర్ తేలిన వాళ్లకి పరీక్ష మొదట్లోనే సీఆర్‌పీ ఎక్కువగా ఉంది: మధ్యగత విలువ 6.0, మిగతా వాళ్లలో 4.2.

రిడ్కర్ బృందం ఈ ఫలితాన్ని పెద్ద మాటలతో చెప్పలేదు. నాలుగేళ్లలోపు తేడా వచ్చిందంటే మందు కొత్త క్యాన్సర్ పుట్టకుండా ఆపిందనలేం, అప్పటికే ఎక్కడో ఇంకా బయటపడని చిన్న కణితి ఎదుగుదలను ఆపి ఉంటుందని వాళ్లే రాశారు. ఈ నిగ్రహం నాకెంతో నచ్చింది. సరిగ్గా ఆ మాటకే స్వాంటన్ పత్రం ఆరేళ్ల తర్వాత కండ పట్టించింది. ఇక్కడ మరో సంగతీ చెప్పాలి. ఇదే మందును అప్పటికే ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో, శస్త్రచికిత్స అయిన వాళ్లలో పరీక్షిస్తే 2021, 2022లలో వరుసగా మూడు పెద్ద పరీక్షలు విఫలమయ్యాయి. కొందరు దీంతో ఆ దారి మూసుకుపోయిందన్నారు. నేనలా అనుకోను. లేచి స్థిరపడిన కణితికి తనను లేపిన సంకేతం అవసరం లేకపోవచ్చు. నూనె పూయడం మానేస్తే ఎదిగిన క్యాన్సర్ మాయమవుతుందని బెరెన్‌బ్లమ్ కూడా చెప్పలేదు.

ఇక వయసు సంగతి. వయసుతో పాటు రోగనిరోధక వ్యవస్థ బలహీనపడుతుందని అందరూ అంటారు, నిజమే. రొమ్మెముక వెనకుండే థైమస్ గ్రంథి చిన్నప్పటి నుంచే కుంచించుకుపోతూ ఉంటుంది, అందులో టీ కణాలనే కొత్త రక్షక కణాలు తయారయ్యే వేగం దాదాపు 16 ఏళ్లకోసారి సగమవుతుంది. అయితే బలహీనపడటం ఒక్కటే కాదు, మరోవైపు అది అకారణంగా కొద్దికొద్దిగా రగులుతూనే ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు. శత్రువు లేకపోయినా ఆగని సన్నని వాపు ప్రక్రియ.

ఆ రగులుడు క్యాన్సర్‌కి సాయపడుతోందని చెప్పాలంటే మళ్లీ మంచి పరీక్ష కావాలి. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్‌లో మిరియం మెరాద్ బృందం 2024లో ‘సైన్స్’లో ప్రచురించిన పని అలాంటిది. ముసలి ఎలుకల ఎముక మజ్జను పడుచు ఎలుకల్లో పెట్టారు, పడుచు మజ్జను ముసలి ఎలుకల్లో పెట్టారు. ఊపిరితిత్తి వయసు ఏదైనా, మజ్జ ముసలిదైతే కణితి జోరుగా పెరిగింది. మజ్జ పడుచుదైతే నెమ్మదించింది. ఈ మార్పిడి ఒక్కటే వయసు భారం ఎక్కడ కూర్చుందో తేల్చేసింది: రక్తకణాలు పుట్టే చోట. ముసలి మజ్జ నుంచి వచ్చిన కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 కుటుంబంలోదే అయిన ఆల్ఫా అణువును ఎక్కువగా వదులుతున్నాయి. దాన్ని తొలిదశలో అడ్డుకుంటే కణితి తగ్గింది.

అంతా ఒకే వైపు మొగ్గితే కథ సాఫీగా ఉండేది. కానీ అదే ఏడాది డిసెంబరులో, అదే నగరంలోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో షుయెచియాన్ జువాంగ్, టువోమస్ తమ్మెలా మరో మాట చెప్పారు. ముసలి ఎలుకల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మొదలవడమే కష్టమవుతోంది. కారణం మన టైప్-2 కణాలే. ముదిమిలో వాటిలో ఎన్‌యూపీఆర్1 అనే ప్రోటీన్ పెరిగి, ఇనుము ఉన్నా వాడుకోలేని స్థితి వస్తుంది. ఇనుము అందక అవి లేత దశకు తిరిగి వెళ్లలేవు. గాయాన్నీ సరిగా పూడ్చలేవు, కణితినీ మొదలుపెట్టలేవు. ఇనుము అందిస్తే రెండు శక్తులూ తిరిగి వచ్చాయి. మనుషుల్లో కూడా ఎనభైలు దాటాక చాలా క్యాన్సర్ల రేటు పెరగడం ఆగి కిందికి దిగడానికి ఇలాంటిదే ఒక కారణం కావచ్చు. నా మట్టుకు నాకు ఈ రెండు పత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఒకటి కణం చుట్టూ ఉన్న వాతావరణాన్ని చూసింది, మరొకటి కణం లోపలి ఓపికను చూసింది. అరవైలు, డెబ్బైలలో వాతావరణం పూర్తిగా చెడి ఉంటుంది, కణానికి ఓపిక ఇంకా మిగిలి ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆ వయసులోనే ఎక్కువగా బయటపడడం నాకు ఆశ్చర్యమనిపించదు.

ఇంత తెలిశాక సహజంగా వచ్చే ప్రశ్న: మరి ఆ అణువును బంధించే మందును అరవై దాటిన వాళ్లందరికీ ఇచ్చేస్తే సరిపోదా? కాంటోస్ పట్టికల్లోనే దానికి జవాబుంది. మందు తీసుకున్న వాళ్లలో ప్రాణాలు తీసిన ఇన్‌ఫెక్షన్లు ఏడాదికి వంద మందికి 0.31, తీసుకోని వాళ్లలో 0.18. మొత్తం మరణాల్లో తేడా రాలేదు. క్యాన్సర్ వైపు మిగిల్చిన ప్రాణాల్ని న్యుమోనియా, సెప్సిస్ తీసుకుపోతాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా మన ఒంట్లో ఉన్నది క్రిముల్ని తరిమేందుకు, ఆ పని ఆపితే దాని ఖరీదు చెల్లించాల్సిందే. అందుకే ఇప్పుడు ఆలోచనలన్నీ ఎవరికి, ఎంతకాలం అన్నదాని చుట్టూ తిరుగుతున్నాయి: ఊపిరితిత్తిలో మార్పున్న కణాలున్నాయని తెలిసిన వాళ్లకి, కొద్దికాలమే ఇవ్వడం కుదురుతుందా అని. రక్షణను ఏ మాత్రం తగ్గించకుండా ఆ సంకేతాన్ని తగ్గించే దారి మాత్రం ఒకటుంది. మాక్రోఫేజ్‌కి మింగడానికి నలుసే దొరక్కుండా చేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి పెట్టిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మన దేశపు హద్దు 40.